ఆరో చేయి

చేయాల్సిన పనులను సులోచన పాత డైరీలో ఒకదాని కింద ఒకటి రాసుకుంది.

అత్తమ్మకు బీపీ గోళీలు తెప్పించాలి.
బిడ్డ రక్షిత కాలేజీకి టీసీ తీసుకోవాలి.
పాలు పిండే మనిషికి నాలుగు రోజుల సంగతి చెప్పాలి.
పరుపులు, చద్దర్లు పదకొండు మందికి.
మామిడికాయ తొక్కు రెండు సీసాలు.
మెంబర్ల ఫోన్లు తీసుకొని, పేర్ల చీటీలు అంటించి, స్టీలు డబ్బాలో పెట్టాలి.
చేతులు ఎత్తడం నేర్పించాలి. ఒక్కసారి కాదు.
సోమక్కను నేనే పోయి తీసుకురావాలి.

చివరి వాక్యం కింద ఆమె భర్త శ్రీపాల్ రెండు గీతలు గీశాడు. "మిగిలినయి మరిచిపోయినా నడుస్తది. గిది మరిచిపోతే మనం ఇంట్ల కూసుంటం" అన్నాడు.

దంతాలపల్లి వైపున్న ఆ మండలంలో పదకొండు మంది ఎంపీటీసీలు గెలిచారు. మండలాధ్యక్ష పదవి ఈసారి ఆడవాళ్లకు రిజర్వయింది. పెట్టెలో ఓటు వేసేది కాదు అది. శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు మండలాఫీసు హాల్లో మెంబర్లు చేతులు ఎత్తాలి, అధికారి లెక్కపెట్టాలి. అటు మహీధర్ తన భార్య కళ్యాణిని నిలబెడుతున్నాడు. అతని వెనుక కళ్యాణితో కలిపి అయిదుగురు. ఇటు శ్రీపాల్ సులోచనను నిలబెడుతున్నాడు. సులోచనతో కలిపి ఆరుగురు. ఆ ఆరో చేయి సోమక్కది.

సోమక్క ముప్పై మంది ఆడవాళ్ల నాట్ల ముఠాకు పెద్ద. ఏ పొలానికి ఎప్పుడు దిగాలో ఆమె చెబుతుంది. మిగతావాళ్లు దిగుతారు. ఆ ముప్పై మందే ఇల్లిల్లూ తిరిగి ఆమెను గెలిపించారు. మంగళవారం పొద్దున సులోచన వెళ్లేసరికి సోమక్క కూతురు పూజ గడపలో కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఎనిమిదో నెల. పొట్ట అడ్డం రావడంతో చాట పక్కన పెట్టుకొని ఒక వైపుకు వంగి తీస్తోంది.

"నాలుగొద్దులంటే ఎట్లమ్మా?" అంది సోమక్క. "పిల్లకు నెలలు నిండొస్తున్నయి. నేను ఓట్ల రోజు పొద్దుగాల్నే వచ్చి నిలవడత. మాట తప్పుతనా?"

"నీ మాట మీద నమ్మకం లేక కాదు సోమక్కా. నువ్వు గీడుంటే మహీధర్ మనుషులు వచ్చి నీ అరుగు మీద కూసుంటరు. పొమ్మన్నా పోరు. పూజకే పరేషాన్."

"కూసుంటే చాయ పోస్త" అంది పూజ, తల ఎత్తకుండానే. "పో అవ్వా. నువ్వు గెలిచింది నా పక్కన కూసోనీకేనా? ప్రమాణం కాగితం సంచిల పెట్టిన. దినాం రెండుసార్లు చదువు. 'శాసనము ద్వారా' కాడ నీకు ఊపిరి ఆగుతున్నది. ఆడ ఆగద్దు, ఒక్కతీరుగ పోవాలె."

"గీమె నాకు సారు" అంది సోమక్క సులోచనతో. కోపంగా అనబోయి నవ్వింది. "రాత్రి బువ్వ తినేముందు అప్పజెప్పాలె. తప్పు పోతే కూర ఎయ్యదు."

సులోచన చూపు పూజ కాళ్ల మీద పడింది. పాదాలు ఉబ్బి, పట్టీలు చర్మంలోకి దిగాయి.

"కాళ్లు గింత వాచినయేందే?"

"ఎండకమ్మా."

ఎండకు కాదేమో అనిపించింది సులోచనకు. బయట కారు హారన్ మోగింది. "రేపు ఆశ వర్కరు అక్కకు చూపెట్టుకో" అని లేచింది. గడప దాటుతూ సోమక్క భుజం మీద చేయి వేసి అంది: "నీ బిడ్డ నా బిడ్డ కాదా? ఏమన్నయితే మా కారే వస్తది."

సోమక్క సంచి తీసుకుంది. అందులో రెండు చీరలు, ప్రమాణం కాగితం, జర్దా డబ్బా. భర్త బిక్షపతి బర్రెను కట్టేసి వచ్చి, సంచి అందుకొని కారుదాకా మోశాడు.

క్యాంపు భూపాలపల్లి జిల్లాలో, టేకుమట్ల దాటాక శ్రీపాల్ స్నేహితుని మామిడితోటలో. నాలుగు గదుల బంగళా, ముందు పెద్ద వరండా. మిగతా మెంబర్లంతా భర్తలతో వచ్చారు. సోమక్క ఒక్కతే ఒంటరిగా వచ్చింది. దిగగానే సులోచన ఫోన్లు తీసుకుంది. సోమక్కది బటన్ల ఫోను, రబ్బరు బ్యాండు వేసి ఉంది. దాన్ని ఆపేసి, చీటీ అంటించి, డబ్బాలో మిగతావాటి పక్కన పెట్టింది.

రెండో రోజు సాయంత్రం వరండాలో శ్రీపాల్ అధికారిలా కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"శ్రీమతి సులోచనను బలపరిచేవారు చేతులెత్తాలె."

చేతులు లేచాయి. లెక్కపెట్టాడు. తొమ్మిదొచ్చాయి. భార్యల వెనక నిలబడ్డ భర్తలు కూడా ఎత్తారు. జగపతి అయితే భార్య చేయి దించి మరీ తనది ఎత్తాడు.

"జగపతన్నా, నువ్వెప్పుడు గెలిచినవ్?" అంది సోమక్క. "మాకు చెప్పనే లేదు. మిఠాయి గూడ పెట్టకపోతివి."

అందరూ నవ్వారు. జగపతి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. జగపతి చేయి దించి తల గోక్కున్నాడు. "అలవాటయింది సోమక్కా. బ్యాంకు కాడ, కంట్రోలు బియ్యం కాడ అన్నీ నేనే కద" అన్నాడు.

"హాలు లోపటికి మీరెవ్వరు రారు" అన్నాడు శ్రీపాల్ మగవాళ్లతో. "మల్లొకసారి. చెయ్యి చెవికి ఆనాలె. సగం ఎత్తితే లెక్క పెట్టరు."

సోమక్క కుడిచేయి భుజం దాటి లేవలేదు. ఎన్నో ఏళ్లు నారు కట్టలు మోసిన భుజం అది. ఎడమ చేయి నిటారుగా ఎత్తింది. వేళ్ల గోళ్ల కింద పొలం బురద రంగు ఎప్పటికీ పోనట్టే ఉంది. సులోచన ఆ చేతినే చూసింది. అది లేస్తే తాను కుర్చీలో కూర్చుంటుంది. జనగామలో డిగ్రీ చదివి కోడలిగా వచ్చిననాటి నుంచి ఆమె ఎన్నో మీటింగులకు చాయ పంపింది. నీళ్ల ట్యాంకరు ఏ వాడకు పోవాలో, బడిలో ఆడపిల్లలకు గది ఎక్కడ కట్టాలో మగవాళ్లు మాట్లాడుతుంటే తలుపు వెనక నిలబడి, వీళ్లకు లెక్క తెలియదే అనుకుంది. శ్రీపాల్ "సంతకం నువ్వు పెట్టు, పని నేను చూస్త" అన్నాడు. ముందు కుర్చీ రానీ, పని ఎవరు చూస్తారో తర్వాత తేలుతుందని ఆమె మనసులో అనుకుంది.

గురువారం పొద్దుగూకి ఏడు కావస్తుండగా శ్రీపాల్ ఆమెను తోట గేటు దగ్గరికి పిలిచాడు.

"బిక్షపతి ఫోన్ చేసిండు. పూజకు ఫిట్స్ వచ్చినయట. మానుకోట దవాఖానల వేసిండ్రు. బీపీ మస్తుగున్నదట. ఆపరేషన్ చేసి పిల్లను తీస్తమంటున్నరట."

"సోమక్కకు చెప్పిండ్రా?"

"చెప్తే ఏం చేస్తది?"

"పోతది."

"పోతే అయిదు, అయిదు. సమానమొస్తే చిట్టీలు తీస్తరు. ఇంత చేసి చిట్టీ మీద వదిలిపెడుదమా?" అతని గొంతులో కోపం లేదు. ఎరువుల లెక్క చెబుతున్నట్టే ఉంది. "ఆడ డాక్టర్లున్నరు. మొగడు యుగేందర్ ఉన్నడు, తండ్రి ఉన్నడు. ఈమె పోయి సూది ఇస్తదా? రేపు మూడింటికి చెయ్యెత్తంగనే నా కారుల పంపుత."

"బిక్షపతికి ఏమన్నరు మరి?"

"బయలెల్లింది అని చెప్పిన."

సులోచన గేటు కడ్డీ పట్టుకొని నిలబడింది. కారు అక్కడే ఉంది. డ్రైవర్ తుల్సీరాం బానెట్ తుడుస్తున్నాడు. మానుకోట మూడున్నర గంటల తొవ్వ. ఇప్పుడు చెబితే పదిన్నరకు చేరుతుంది.

ఒక్క రాత్రే కదా అనుకుంది. డాక్టర్లు చూసుకుంటారు కదా అనుకుంది. ఆ మాటలు శ్రీపాల్ ఆమె నోట్లో పెట్టినవి కావు. ఆమెకు ఆమే చెప్పుకుంది.

అన్నాల దగ్గర సోమక్క పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది. "అమ్మా, నా ఫోన్ జర ఇయ్యరాదు? పిల్లతోని రెండు ముక్కలు మాట్లాడి మల్ల ఇస్త. పొద్దట్నుంచి మనసు గుంజుతున్నది."

"చార్జింగ్ లేదు సోమక్కా. పొద్దుగాల మాట్లాడుదువు. అందరు మంచిగనే ఉన్నరు."

"ఫోన్ వచ్చిందా?"

"ఆఁ. వచ్చింది."

సోమక్క ముఖం తేటపడింది. అన్నం కలుపుకుంటూ ప్రమాణం మొదటి నాలుగు లైన్లు తప్పు లేకుండా అప్పజెప్పింది. "గిది ఇంటే మా సారు కూర ఎక్కువేస్తది" అంది.

మర్నాడు తెల్లవారుజామున చీపురు చప్పుడుకు సులోచన బయటికి వచ్చింది. సోమక్క వరండా ముందు రాలిన మామిడాకులు ఊడుస్తోంది. ఊరికే కూర్చోవడం చేతకాదామెకు. వచ్చిన రోజు నుంచి ఇదే పని. ఆకులన్నీ ఒక పక్కకు కుప్ప చేసింది. వేర్లు తేలిన చోట మట్టి కాలితో దగ్గరికి నెడుతోంది.

సులోచన మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత దిగి వెళ్లింది.

"సోమక్కా, పూజను మానుకోట దవాఖానల వేసిండ్రట. నువ్వు పో."

చీపురు ఆగింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే తెలిసింది."

ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకు తెలియలేదు. సోమక్క చీపురును గోడకు ఆనించింది. అది పక్కకు జారితే మళ్లీ సరిగ్గా ఆనించింది. నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంది. సంచి తెచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగింది.

"మరి మీ ఓటు?"

"నువ్వు పో."

"శ్రీపాల్ పటేలు ఊకుంటడా అమ్మా?"

"నేను చూసుకుంట. తుల్సీరాం, బండి తియ్యి."

సోమక్క రెండు చేతులతో ఆమె చేతులు పట్టుకుంది. గట్టి చేతులు, గరుకు చేతులు. "నీ కడుపు సల్లగుండ" అని కారెక్కింది.

శ్రీపాల్ లేచాక అరవలేదు. భర్తలందరూ వింటుండగా, చాయ తాగుతూ అన్నాడు: "డిగ్రీ చదివినవని నిలబెట్టిన. చిట్టీకి నిలబెట్టిన అని నాకెరుక లేకపాయె."

తొమ్మిదింటికి, మండలాఫీసుకు బయలుదేరే సమయంలో, తుల్సీరాం ఫోన్ చేశాడు. సులోచన పక్కకు వెళ్లి మాట్లాడింది.

"అమ్మా, మేం పోయేసరికే అయిపోయింది. నాలుగింటికి పోయిందట. పిల్ల మంచిగున్నది, ఆడపిల్ల. అద్దాల పెట్టెల పెట్టిండ్రు."

"సోమక్క?"

"బయట బండల మీద కూసున్నది. ఏడుస్తలేదు. పూజ కాళ్లకున్న పట్టీలు తీస్తమంటే వస్తలేవట, కోస్తమంటే వద్దంటున్నది. సబ్బు తెమ్మన్నది. నేను తేనీకి పోతున్న."

హాల్లో ఫ్యాను తిరుగుతూ ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటోంది. సోమక్క పేరున్న కుర్చీ ఖాళీగా ఉంది. కళ్యాణికి అయిదు చేతులు లేచాయి. సులోచనకు అయిదు. తన చేయి తానే ఎత్తింది. చెవికి ఆనించింది. అధికారి రెండుసార్లు లెక్కపెట్టి, రెండు కాగితాల మీద రెండు పేర్లు రాసి, అందరికీ చూపించి, నాలుగు మడతలు పెట్టి ఖాళీ నీళ్ల జగ్గులో వేశాడు. జగ్గు మీద చేయి మూసి ఊపాడు. ఒకటి తీశాడు.

సులోచన పేరు వచ్చింది.

కిటికీ బయట నుంచి శ్రీపాల్ గొంతు వినిపించింది. డప్పులు మొదలయ్యాయి. పూలదండ మెడలో పడితే, ఆ బరువుకు ఆమె తల వంగింది. నిన్న సాయంత్రం ఏడింటికే చెప్పినా ఇవే అయిదు చేతులు లేచేవి. ఇదే జగ్గు ఉండేది. కళ్యాణి లేచి వచ్చి చేయి కలిపి, మెల్లగా "నా దండ గూడ నువ్వే వేసుకో వదినె, మావోడు ముందే తెప్పించిండు" అంది. ఆ పరాచికానికి సులోచన నవ్వలేకపోయింది.

మూడో రోజు పిట్టకు పెడుతున్నారని తెలిసి ఆమె ఒక్కతే వెళ్లింది. ఇంటి ముందు సన్మానానికి టెంటు వేస్తున్నారు. "గిప్పుడే పోవాల్నా? మందిల ఏమన్న అంటరు" అన్నాడు శ్రీపాల్. ఆమె కారెక్కింది.

వాగు ఒడ్డున పూజను కాల్చిన చోటికి కొంచెం ఎడంగా విస్తరాకు పరిచారు. పూజకు ఇష్టమైనవన్నీ పెట్టారు. కోడిగుడ్డు, చిక్కుడుకాయ కూర, బెల్లం బూరెలు, మూత తీసిన చల్లని డ్రింకు సీసా. పెట్టాక అందరూ వెనక్కి జరిగి ఎండలో కూర్చున్నారు. పిట్ట వచ్చి ముట్టాలి. రాకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిందని, ఒక్కొక్కరూ లేచి మాట ఇస్తారు.

రెండు కాకులు తుమ్మ చెట్టు మీద ఉన్నాయి. దిగడం లేదు.

"పిల్లను మంచిగ చూసుకుంట పూజా. మల్ల పెండ్లి చేసుకోను" అన్నాడు యుగేందర్. పాతికేళ్లుండవు. కాకులు దిగలేదు.

"పిల్లను చదివిస్త బిడ్డా" అన్నాడు బిక్షపతి.

"బర్రెను అమ్మం. పాలు దానికే" అంది నాట్ల ముఠాలో ఒకామె. "తినవే తల్లీ."

అప్పుడే సోమక్క సులోచనను చూసింది. లేచి వచ్చి చేయి పట్టుకొని ముందుకు తీసుకుపోయింది. ముఠా ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు.

"గీ అమ్మ ఒక్కతే నాకు చెప్పింది" అంది వాళ్లతో. "పటేలు దాచిండు. రాత్రే ఎరుకై దాచిండు, గీ అమ్మతోని గూడ అందరు మంచిగున్నరనే అన్నడు. గీ అమ్మకు పొద్దుగాల తెలిసింది, తెలిసిన గడియల్నే మొగనికి ఎదురుపడి, ఓటు గూడ ఇడిసి నన్ను పంపింది. ఆడిదానికి ఆడిదే అయితదని చూసిన." సులోచన వైపు తిరిగింది. "పిల్లకు పేరు నువ్వే పెట్టాలమ్మా. పూజకు గదే చెప్పు. వస్తదేమో."

ఎండ విస్తరాకు అంచుల్ని ముడుస్తోంది. అందరూ సులోచన నోటి వైపే చూస్తున్నారు. ఏదో ఒక పేరు చెప్పి కూర్చోవచ్చు. కన్నీళ్లు పెట్టుకున్నా సరిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు పోయిన పిల్లకు నిజమే చెబుతున్నారు, ఉన్నదాంట్లోంచే మాట ఇస్తున్నారు.

"నాకు గూడ రాత్రే తెలుసు సోమక్కా" అంది.

సోమక్క చేయి ఇంకా ఆమె చేతి మీదే ఉంది.

"ఎన్ని గంటలకు?"

"ఏడింటికి."

"ఏడింటికి." సోమక్క నాట్ల ముఠా పెద్ద. మడి చూసి ఎంతసేపట్లో అవుతుందో చెప్పగలదు. ఇప్పుడూ అలాగే లెక్క కట్టింది. "పదిన్నరకల్ల చేరుదును. పదకొండింటికి ఆపరేషన్‌కు లోపటికి తీస్కపోయిండ్రు. అప్పటిదాంక మాట్లాడిందట. అవ్వ బయలెల్లింది అని చెప్తే తలుపు దిక్కే చూసిందట."

చేయి తీసింది. ఆడవాళ్లలో ఎవరో "అయ్యో" అన్నారు.

"నువ్వు చెప్పకపోయినా బతుకుదును గదమ్మా" అంది సోమక్క. తిట్టినట్టు లేదు. నిజంగానే అడిగినట్టుంది. "మూడొద్దుల నుంచి గా ఒక్క ముచ్చట పట్టుకొని లేస్తున్న, కూసుంటున్న. నాకోసం ఒకరన్న నిలవడ్డరు అని. గది గూడ తీస్కున్నవా?"

నిజం చెబితే బరువు తగ్గుతుందనుకుంది సులోచన. తగ్గింది కూడా. అది పోయి ఎక్కడ దిగిందో ఎదురుగా కనిపిస్తోంది.

కాకులు తుమ్మ చెట్టు మీది నుంచి లేచి వాగు అవతలికి పోయాయి. సోమక్క కాసేపు చూసి, భర్తతో "ఇగ రావు. ఆవుకు పెట్టు" అంది. బిక్షపతి విస్తరాకును రెండు చేతులతో, కూర ఒలకకుండా ఎత్తుకొని నడిచాడు. ముఠా ఆడవాళ్లు అతని వెనక నడిచారు. సోమక్క అందరికన్నా వెనక, ఎండకు కొంగు కప్పుకోకుండా నడిచింది.

తర్వాత సోమక్క ప్రమాణం చేసింది. ఎక్కడా ఆగలేదు. మండల మీటింగులకు వస్తుంది. తన ఊరి నీళ్ల సంగతి మాట్లాడుతుంది. అధ్యక్షురాలిని "మేడం" అంటుంది, మిగతా అందరిలాగే. బడిలో ఆడపిల్లల గదికి సులోచన పెట్టిన తీర్మానానికి ఎడమ చేయి ఎత్తింది. ఎత్తినప్పుడు కిటికీ వైపు చూసింది. ఆ గది కట్టారు. శ్రీపాల్ వద్దన్నా కట్టించింది సులోచనే. మండలంలో ఆమెకు మంచి పేరే ఉంది.

ఆ పేరు ఆఫీసు బోర్డు మీద ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చదివినవారికి ఒక్కటే మనవి. పూజను గుర్తుపెట్టుకోండి. ఇరవై రెండేళ్లు. ఇంటర్ పాసైంది. ఒడ్డు పొడవునా నవ్విస్తూ నాట్లు వేసేదని ముఠాలో చెబుతారు. తర్వాతి జనవరిలో వచ్చిన ఓటర్ల జాబితాలో ఆమె పేరు తీసేశారు. మీరు తీసేయకండి.